పదిహేడో పాయింటు

డేటాబేస్ తాతగారు కుర్చీలోనే చనిపోయారు. కప్పులో సగం టీ మిగిలింది. అందులో విషం కలిసి ఉంది.

"ఇరవై రెండేళ్లు ఆ డేటాబేస్‌ని ఒంటిచేత్తో నడిపాడాయన" అన్నాడు చీఫ్. "ఏ లోహం న్యూట్రాన్లని ఎంత మింగుతుందో ఎవరు కొలిచినా, ఆ అంకె ఆయన చేతిమీదుగానే ఆన్‌లైన్‌లోకి వెళ్లేది. రియాక్టర్ల వాళ్లంతా అక్కడి నుంచే దించుకుంటారు. ఇవాళ నాలుగింటికి కొత్త వెర్షన్. నాలుగు వందల టేబుళ్లలో విదేశీ ముఠా ఒక దొంగ టేబుల్ దూర్చింది."

"ఏది?" అడిగాడు ఎదురుగా నిలబడ్డ ఏజెంట్.

"రియాక్టర్‌ని ఆపే కంట్రోల్ రాడ్ లోహానిదని నా అనుమానం. ఉన్నదానికన్నా ఎక్కువ మింగుతుందని చూపిస్తే చాలు. లేని బ్రేకుని నమ్మి బండి తోలినట్టే. కొత్త రియాక్టర్ ఐదింటికి ఆ అంకెలతోనే స్టార్టవుతుంది."

ఆ కంట్రోల్ రూమ్‌లో ఇవాళ డ్యూటీ ఏజెంట్ చెల్లెలిది.

"ఫోన్ చెయ్యొద్దు" అన్నాడు చీఫ్, మొహం చూసే పసిగట్టి. "మాట పొక్కితే ముఠా జారుకుంటుంది. ముందు మనిషిని పట్టుకో, తర్వాత టేబుల్ ఆపు. డేటా సెంటర్‌లో మన మనిషి ఒకామె ఆరు నెలలుగా ఉంది. వెళ్లు, గుమాస్తా!"

గుమాస్తా అతని కోడ్‌నేమ్. ఏ ఆఫీసులో కూర్చోబెట్టినా అక్కడే పుట్టి పెరిగినట్టుండే మొహం అతనిది. కళ్లజోడు ఒక్కటి తగిలిస్తే వేషం పూర్తయినట్టే.

డేటా సెంటర్ గదిలో పాత జర్నళ్లు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ముసలాయన కుర్చీలో వెనక దిండు ఇంకా ఆయన ఆనుకుని ఉన్నట్టే నొక్కుకుపోయి ఉంది. గుమాస్తాకి అందులో కూర్చోవడానికి మనసొప్పలేదు. అయినా కూర్చున్నాడు.

సెంటు వాసన ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. రివ్యూయర్ మేడమ్. చూపు తిప్పుకోనివ్వని అందం.

"ఈ కిటికీ తెరుచుకోదా?" అన్నాడు గుమాస్తా.

"తుప్పు పట్టింది. మీరే తొయ్యాలి."

కోడ్ సరిపోయింది. మేడమ్ గొంతు తగ్గించింది. "అన్ని టేబుళ్లూ నేనే చూశాను. ఏ తేడా లేదు. రిలీజ్ టైమర్ పెట్టేశాను. మీరు హాయిగా ఉండండి."

హాయిగా ఉండటం అతని ఒంటికి పడదు. గోడ మీద ముసలాయన చేతిరాతతో రెండు రూల్స్ అంటించి ఉన్నాయి. అచ్చయిన అంకె తప్పని తెలిసినా దిద్దకూడదు, పక్కన నోట్ మాత్రం రాయాలి. ఎర్రర్, అంటే కొలత ఎంత అటూఇటూ కావచ్చో చెప్పని అంకె చెల్లదు, ఒక్క గడి ఖాళీగా ఉన్నా సాఫ్ట్‌వేర్ వెర్షన్ మొత్తాన్ని ఆపేస్తుంది.

గుమాస్తా కంట్రోల్ రాడ్ లోహం కొలతలు అచ్చయిన పేపర్ బయటికి తీశాడు. చెక్క స్కేలు పెట్టి గ్రాఫ్ మీద ఒక్కో చుక్కే చూసుకుంటూ పోయాడు. పదిహేడోది గీత నుంచి ఎక్కడో కిందికి జారిపోయి ఉంది. పక్కన పెన్సిల్‌తో ముసలాయన చేతిరాత, "కొలిచినవాడి పొరపాటు. ముట్టుకోవద్దు."

స్క్రీన్ మీద పదిహేడో చుక్క బుద్ధిగా గీత మీదే కూర్చుని ఉంది. అంటే ఈ టేబుల్ పేపర్‌లోంచి ఎక్కించింది కాదు, ఎవరో అల్లిన దొంగది.

గుమాస్తా వాచీలో సిగ్నల్ బటన్ నొక్కాడు. టైమ్ మూడు యాభై తొమ్మిది.

"మేడమ్, ఈ పదిహేడో పాయింటు..."

"అదా? ఒక్కటే వంకరగా ఉంటే సరిచేశాను" అనేసింది ఆమె. అన్నాక నాలుక కరుచుకుంది.

"ఆరు నెలలున్నారు. గోడ మీద కాగితం ఒక్కసారీ చదవలేదా?"

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ వచ్చింది. "ముసలాయనా ఇదే అడిగాడు. టీ ఇచ్చాను. మంచివాడు, థాంక్స్ చెప్పి మరీ తాగాడు."

తాగుతున్న మనిషి ఎదురుగా నిలబడి చూసిందన్నమాట.

"మీవాళ్లు ఒక జీతం ఇస్తారు, వాళ్లు ఒకటి" అంది. "రిలీజ్ ఆపాలంటే నా పాస్‌వర్డ్ కావాలి. ఇంకో ఇరవై సెకన్లు. చేతులు పైకెత్తండి."

ఎత్తేముందు అతని చిటికెన వేలు కీబోర్డులో డిలీట్ కీ మీద ఒక్కసారి ఆనింది. పదిహేడో వరసలో ఎర్రర్ గడి ఖాళీ అయింది.

సరిగ్గా నాలుగింటికి స్క్రీన్ ఎర్రబడింది. రిలీజ్ నిలిచిపోయింది. మేడమ్ అటు చూసింది, అర్థమైంది, కాల్చింది. గుండు గుమాస్తా భుజంలోంచి దూసుకెళ్లి ముసలాయన దిండులో దిగింది. అప్పటికే అతని వాచీ సిగ్నల్ అందుకున్న చీఫ్ టీమ్ తలుపు బద్దలు కొట్టింది.

ఆసుపత్రి మంచం మీద ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మా రియాక్టర్ స్టార్ట్ చెయ్యడం వాయిదా పడింది. పొద్దుటి నుంచీ చేసిన ఏర్పాట్లన్నీ దండగ! డేటా సెంటర్‌లో ఎవడో గుమాస్తా ఒక గడి నింపడం మర్చిపోయాడట. ఇలాంటి చేతకానివాళ్లకి ఉద్యోగాలు ఎవరిస్తారో!"

గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు. భుజం నొప్పి వల్లే అనుకుంది నర్సు.

"తిట్టమ్మా, బాగా తిట్టు" అన్నాడు. "రేపటి నుంచి ఆ నాలుగు వందల టేబుళ్లూ మళ్లీ మొదటి నుంచి చూడాల్సింది వాడే."