రూప తాగని నీళ్ళు

పొద్దున్నే క్యారేజీ సర్దుతూ రత్నాలమ్మ కూతురి సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. నిన్న నింపిన నీళ్ళు నిన్నటిలాగే నిండుగా ఉన్నాయి. మొన్నా అంతే. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో నీళ్ళు తాగని బిడ్డను చూసి ఏ తల్లి నిబ్బరంగా ఉంటుంది? ఆ ఇంట్లోనే పెనిమిటి కామేశ్వరరావు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు.

“ఏటే రూపా, నీళ్ళు ముట్టలేదేటి?”

“దాహమెయ్యలేదమ్మా,” అంది రూప, జడ అల్లుకుంటూ.

“జీడి ఫ్యాక్టరీ ఉక్కలో దాహమెయ్యలేదా? ఎవులికి సెప్తన్నావు?”

తల్లి జీడిపిక్కలు కొట్టే షెడ్డులో, కూతురు పప్పుకు పొట్టు తీసే షెడ్డులో పనిచేస్తారు. అందుకే ఇన్నాళ్ళూ తల్లికి తెలియలేదు.

“తాగితే బాత్రూంకి ఎల్లాల,” అంది రూప. “ఆడోల్ల గదికి ఎల్లొద్దని సూపర్‌వైజరు అన్నాడు. మగోల్ల గదికి ఒకపాలి ఎల్లినాను. మల్లీ సచ్చినా ఎల్లను. పొద్దోయేదాకా బిగబట్టుకుంటన్నాను.”

రూప పుట్టినప్పుడు మగపిల్లాడనుకున్నారు. పెద్దయ్యాక తాను ఆడపిల్లనని చెప్పి, కలెక్టరాఫీసు నుంచి ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు కూడా తెచ్చుకుంది. తల్లి ఏడ్చి ఏడ్చి ఒప్పుకుంది. తండ్రి అవుననలేదు, కాదనలేదు, మాట్లాడడమే మానేశాడు. ఒకే కప్పు కింద అంత మొండితనం ఎలా సాగిందో ఆయనకే తెలియాలి.

“పోనీ పని మానెయ్యే,” అంది రత్నాలమ్మ. భయం అలాంటి మాటలే అనిపిస్తుంది.

“నానెందుకు మానాల? పనికాడ మాలాంటోల్లకి తేడా సూపకూడదని సట్టం ఉంది. నాను దొంగతనం సేసినానేటి?”

“సట్టమొచ్చి మనకి అన్నం ఎడతాదేటే?”

అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న కామేశ్వరరావు మంచం మీద లేచి కూర్చున్నాడు.

“నాకు డాట్రు కొలిసి తాగమన్నాడు. గుక్కెడు నీళ్ళకి పేణం కొట్టుకుంటాది,” అన్నాడు. “దాన్ని తాగొద్దనడానికి ఆడెవుడు? నా రోగం నా బిడ్డకి అంటగడతాడా?”

భార్య చేతిలోని సీసా తీసుకుని కూతురికి అందించాడు.

“రూపా, తాగమ్మా. నా ముందర తాగు.”

కూతురి పేరు ఆయన నోట రావడం అదే మొదలు. రూప ఏడుస్తూనే సీసా ఎత్తింది. రత్నాలమ్మకు దుఃఖం కంటే కోపం ముందొచ్చింది. ఆ కోపంతోనే కూతుర్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి బయల్దేరింది.

ఆడవాళ్ళ గది ముందు సూపర్‌వైజరు నాగేంద్రబాబు చెయ్యి అడ్డం పెట్టాడు.

“మిగతా ఆడోల్లు ఇబ్బంది పడతన్నారు రత్నాలమ్మా.”

“నా బిడ్డ నీళ్ళు మానేసి రోజంతా బిగబట్టుకుంటంది. ఆలెవులో నా మొకం మీద సెప్పమను బాబూ.”

షెడ్డులో పొట్టు తీస్తున్న చేతులు ఆగాయి. కొందరు తలలు దించుకున్నారు. ఉన్నదున్నట్టు మాట్లాడే ప్రమోదిని మాత్రం లేచి నిలబడింది.

“నాకు బెరుకుగానే ఉంది, లేదనను,” అంది. “గానీ లోపల ఎవుల గొళ్ళెం ఆలు ఏసుకుంటారు కదా. ఈ పిల్ల రోజంతా బిగబట్టుకుంటందని నాకు తెలీదు. ఎల్లనీ బాబూ.”

నాగేంద్రబాబు మొహం ఎర్రబడింది. “రేపట్నించి మీ ఇద్దరికీ పనుండదు.”

“రేపు మాట రేపు సూత్తాం. ఇయాల నా కూతురు ఎల్తాది.”

రత్నాలమ్మ అతని చేతిని పక్కకు తోసింది. జీడి నూనెకు పొక్కిపోయిన తన చేతిలో అంత బలం ఉందని ఆమెకూ అప్పుడే తెలిసింది. రూప లోపలికి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. రత్నాలమ్మ తలుపుకు వీపు ఆనించి, అందరివైపూ చూస్తూ నిలబడింది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“తొందర్లేదమ్మా,” అంది లోపలికి వినబడేలా. “నింపాదిగా రా. నానిక్కడే ఉన్నాను.”