ఎల్లారెడ్డి షెడ్డులో గాలిగొట్టం

కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని ఆ గదిలోకి వచ్చిన అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు. లాప్‌టాప్ సంచిని గుండెకు హత్తుకుని నిలబడింది.

"నా మీద పోలీసు కేసు పెడతరట సార్. నేను తప్పు చెయ్యలే."

ప్రైవేటు డిటెక్టివ్ అబ్రాహాము తన సహాయకురాలు రమ్య చేత ఆమెకు మంచినీళ్లు ఇప్పించాడు.

ఆమె పేరు అనూహ్య. మార్కండేయ నడిపే డిజైన్ ఆఫీసులో ఉద్యోగం. ఎల్లారెడ్డిలో వ్యాపారి ఆశన్న కట్టిన బీడీ షెడ్డు నుంచి పొగాకు దుమ్మును బయటికి లాగే రేకు గొట్టాలకు ఆమే లెక్కలు వేసింది. షెడ్డు తెరిచిన కొన్నాళ్లకే, చివరి వరుసలో కూర్చుని బీడీలు చుట్టే నర్సవ్వ ఊపిరాడక పడిపోయింది. ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. తప్పు అనూహ్య లెక్కలదేనని ఆశన్న కేసు పెడతానంటున్నాడు.

"గొట్టం తిరిగిన ప్రతిచోటా గాలి బలం కొంత పోతది సార్. మూల చదరంగ ఉంటే ఎక్కువ, గుండ్రంగ వంగితే తక్కువ. ఏ మూల ఏ రకమో కంప్యూటర్‌లో మనమే ఎంచాలె. నేను అన్నీ చదరమనే ఎంచిన. ఇప్పుడు చూస్తే గుండ్రమని ఉన్నయి."

"బొమ్మ కూడా మారిందా?"

"లేదు. బొమ్మ వేరు, లెక్కకు ఎంచే రకం వేరు. రకం మార్చినా బొమ్మ మారదు."

"ఆ కంప్యూటర్ ఇంకెవరు తీస్తారు?"

"మార్కండేయ సార్ ఒక్కరే. పాలిటెక్నిక్‌ల నాకు పాఠాలు చెప్పిండు. ఆయన్ను అనుమానించకండి సార్."

మర్నాడు ముగ్గురూ ఎల్లారెడ్డి వెళ్లారు. రేకుపని చేసిన పర్శరాములు గొట్టం మూలలు చూపించాడు. అన్నీ చదరమే.

"బొమ్మల ఎట్లుంటే అట్ల చేసిన. నన్నేం అనకుండ్రి," అన్నాడు.

రమ్య నిచ్చెన ఎక్కి, గొట్టంలోంచి గాలి లాగే ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టింది. "గాలి అంతంతమాత్రమే సార్. దుమ్ము కింద కుంకుమబొట్లు కూడా ఉన్నాయి."

"బొట్టు పెట్టకుంటె ఎట్ల బిడ్డా?" అన్నాడు ఆశన్న. "ఈ ఫ్యాను దసరాకు కొన్న. అప్పటికి షెడ్డు పునాది గూడ పడలే. మంచిరోజు పోతె మల్ల దొరుకతదా? మార్కండేయ సారే కొబ్బరికాయ కొట్టిండు. నీళ్లన్ని నా అంగీ మీదనే!"

అబ్రాహాము నవ్వలేదు. "అనూహ్యా, నువ్వు లెక్కలు ఎప్పుడు వేశావు?"

"శివరాత్రి దాటినంక. ఫ్యాను ముందే ఉన్నదని నాకెవరూ చెప్పలే. లెక్క తేలినంకనే కదా సార్ కొనేది?"

అబ్రాహాము బయటికి వెళ్లి మార్కండేయకు ఫోన్ చేశాడు. కేసు తేలినప్పుడు అబ్రాహాము ముఖంలో కనిపించే వెలుగు ఆ రోజు రమ్యకు కనిపించలేదు.

సాయంత్రం మార్కండేయ కూడా వచ్చి, అందరూ షెడ్డులో కూర్చున్నాక అబ్రాహాము మెల్లగా మొదలుపెట్టాడు.

"చదరపు మూలలతో లెక్క వేస్తే పెద్ద ఫ్యాను కావాలి. గుండ్రటి మూలలైతే ఈ చిన్నది చాలు. కాబట్టి మార్చినవాడు ఈ ఫ్యాను ముందే ఉందని తెలిసినవాడు. అనూహ్యకు తెలియదు. ఆశన్నకు కంప్యూటర్ రాదు. పర్శరాములు బొమ్మ ప్రకారం చేశాడు. ఫ్యానుకు కొబ్బరికాయ కొట్టి, కంప్యూటర్ కూడా తీయగలిగినవాడు ఒక్కడే."

మార్కండేయ తల దించుకున్నాడు. "నేనే మార్చిన. పూజ చేసిన ఫ్యాను పనికిరాదంటె ఆశన్న అపశకునమంటడు, పని వేరేటోళ్లకు ఇస్తడు అనుకున్న. గాలి కొంచెం తక్కువైతె ఏమైతది అనుకున్న."

"నన్ను అడిగినవా?" అన్నాడు ఆశన్న. కోపంకన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "అడిగితె దీన్ని వడ్ల గోదాముల పెట్టుకుందును. ఇక్కడికి పెద్దది తెద్దును. పూజ మల్లొకసారి చేద్దుము. అంతే కదా సార్?"

ఆశన్న అనూహ్య వైపు తిరిగాడు. "నిన్ను అనరాని మాటలన్న బిడ్డా. కేసు గీసు ఏం లేదు."

తన పేరు నిలిచింది. అయినా అనూహ్య కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"సార్, ఆశన్న కేసు పెడతానన్న రోజు మీరు నా పక్కనే ఉన్నరు."

"ఉన్న," అన్నాడు మార్కండేయ. లేచి నిలబడ్డాడు. "నర్సవ్వ ఏ ఆసుపత్రిల ఉన్నది?"

ఇన్నాళ్లూ ఆయన ఆ మాట అడగలేదని అప్పుడు తెలిసింది అందరికీ. ఆశన్న చెప్పాడు.

"నేను గూడ వస్త సార్," అంది అనూహ్య, అలవాటుగా లేస్తూ.

"వద్దు బిడ్డా. ఇదన్న నా నోటితోని నేనే చెప్పుకోవాలె."