గలగలమనని సీసా

ఆ ఇంట్లో మనిషికి రెండేసి చెవులున్నా, వినే పని మాత్రం తానొక్కడే చేస్తున్నానని మామగారి గట్టి నమ్మకం. కొడుకు గొణుగుతాడు. కోడలు గుసగుసలాడుతుంది. టీవీలో వార్తలు చదివే అమ్మాయికి ఈమధ్య గొంతు పూడుకుపోయింది. ఫోను మోగడం మానేసి మూలుగుతోంది. లోకమంతా ఒక్కటై, గొంతు తగ్గించుకుని తన మీద ఏదో కుట్ర చేస్తోందని ఆయన అనుమానం. ఆ కుట్రకు పెద్ద దిక్కు కోడలేనని ఆయన ఎన్నడూ అనలేదు గానీ, అనకుండా చూసే చూపులో అదంతా ఉండేది.

"బెల్లు మళ్లీ మెత్తబడింది అమ్మాయ్. సాయంత్రం విప్పి చూస్తా," అన్నారాయన ఆ ఉదయం, వంటగది గుమ్మానికి ఆనుకుని.

"మొన్ననే కదా మావయ్యా విప్పారు."

"విప్పాను. మళ్లీ మెత్తబడింది. ఇప్పటి సామాను అంతే, నాలుగు రోజులకే నీరసం."

ఆ బెల్లు మోగితే పక్కింటివాళ్లు కూడా లేచి వాళ్ల తలుపు తీస్తున్నారు. ఆ సంగతి నోటిదాకా వచ్చినా కోడలు మింగేసి, ఓట్స్ డబ్బా మూత తీసింది.

అది గలగల చేసే రోజు. అసలు పేరు గ్రనోలా, పాలల్లో వేసుకుని తినే వేయించిన గింజలు. ఆ మాట పిచ్చుకకు నోరు తిరగలేదు. పిచ్చుక అంటే ఆ ఇంటి ఆరేళ్ల పిల్ల. ఏది పెట్టినా నాలుగు గింజలు ఏరుకుని లేచిపోతుంది కాబట్టి ఆ పేరు. షాపులో కొన్న ప్యాకెట్టు మీద చీమతలకాయంత అక్షరాలు చదివి, ఇందులో గింజల కన్నా చక్కెరే ఎక్కువని కోడలి భర్త తేల్చాడు. అతనికి మందుల షాపు ఉంది, చిన్న అక్షరాలు చదవడం అలవాటు. చదవడం అతని వంతు, చేయడం ఆమె వంతు అయింది. వేడి గాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్‌లో చేసిన మొదటి సీసాను పిచ్చుక పట్టుకుని ఊపి, "గలగల" అంది. పేరు స్థిరపడిపోయింది.

పెద్ద గిన్నెలో ఓట్స్, నలగ్గొట్టిన బాదం, గుమ్మడి గింజలు, నువ్వులు, దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు. చిన్న గిన్నెలో కాస్త నూనె, కాస్త తేనె గోరువెచ్చగా కరిగించి, పలుకు పలుకుకీ తడి తగిలేలా చేత్తో కలపాలి. ఫ్రయర్ బుట్టలో కాగితం పరిచి, ఫ్యాను గాలికి అంచులు లేవకుండా వాటి మీద కూడా గింజలు సర్దాలి. సన్న సెగ చాలు. మధ్యలో ఒకసారి లాగి కదపాలి. దించాక పళ్లెంలో పల్చగా పరిచి వదిలేయాలి. వేడి మీద మెత్తగానే ఉంటుంది, చల్లారుతున్న కొద్దీ కరకరలాడుతుంది. ఎండుద్రాక్ష అన్నిటికన్నా చివర. ఇదంతా కోడలి పని.

తీర్పు మాత్రం మామగారిది. చల్లారిన సరుకును సీసాలో పోసి, చెవి పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుని ఊపుతారు. ఆయన తలాడిస్తే పిచ్చుక గిన్నె పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. తలాడించకపోతే సరుకు మళ్లీ బుట్టలోకే.

ఆ చెవికి ఆ హోదా ఊరికే రాలేదు. జీవితమంతా ఫ్యాన్లు, మిక్సీలు, ఫ్రిజ్‌లు బాగుచేసిన మనిషి. స్క్రూ తిప్పకముందే, మూలుగు విని రోగం చెప్పేవారు. తన రిపేరు షాపు మూసేశాక ఆ విద్యనంతా మనవరాలికి ఒక ఆటగా మార్చారు. రోజూ స్కూలుకు నడుస్తూ, ఒక్కో కిటికీ కింద ఒక్క క్షణం ఆగుతారు. లోపలేం తిరుగుతోందో చెప్పాలి. నీలం తలుపు ఇంట్లో పాత ఫ్రిజ్, నిద్రలో పలవరించినట్టు ఆగి ఆగి మాట్లాడుతుంది. మేడ మీద కుట్టుమిషన్ వానలా కురుస్తుంది. పిచ్చుకకు ఆ వీధిలో ఇళ్లన్నీ కడుపులో ఏదో పాట పెట్టుకుని పడుకున్న పెద్ద జంతువులు. ఆయనకైతే రోజంతటిలో బతికున్నట్టు ఉండేది ఆ దారి పొడుగునే. ఇంటికొచ్చాక కూడా, పిల్ల వేళ్లు పట్టుకున్న చెయ్యి కాసేపు అలాగే ముడిచి ఉంచుకునేవారు. కోడలు అది చాలాసార్లు చూసింది, చూడనట్టు ఊరుకుంది.

ఈమధ్య మాత్రం తీర్పులన్నీ ఒకేలా వస్తున్నాయి. సీసా ఊపి, పెదవి విరిచి, "ఇంకా రాలేదు" అంటారు. మళ్లీ బుట్టలోకి. మళ్లీ "రాలేదు". గలగల రంగు తేనె నుంచి ఇటుకకు, ఇటుక నుంచి కాఫీ గింజకు మారింది. అడిగితే, "మోటారు గొంతు తగ్గింది అమ్మాయ్. ఫ్యాను తిరగడం లేదు, సెగ అందడం లేదు" అంటారు.

ఆ రోజు ఆయన పిచ్చుకను స్కూల్లో దింపి వచ్చేసరికి సరుకు చల్లారింది. సీసా ఆయనకిచ్చి కోడలు బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్లింది. ఎండ దుప్పట్లలోంచి వడకట్టినట్టు పడుతోంది. కాసేపటికి దాల్చినచెక్క వాసన వచ్చింది, ఆ వెనక మాడు వాసన. చేతిలో తడి చొక్కాతోనే లోపలికొచ్చింది.

పని అయిపోయిందని ఫ్రయర్ కూస్తోంది. ఆగి ఆగి, పట్టుదలగా కూస్తోంది. మామగారు దాని ఎదురుగానే నిలబడి ఉన్నారు, చేతులు వెనక్కి కట్టుకుని, అది ఎప్పుడు కూస్తుందా అని ఓపికగా ఎదురుచూస్తూ. సన్నటి పొగ కిటికీ వెలుగులో లేచి, ఆయన నెరిసిన జుట్టు చుట్టూ మెల్లగా తిరుగుతోంది.

"మావయ్యా," అంది.

ఆయన కదల్లేదు.

"మావయ్యా."

ఆమె చేతిలో చొక్కా నీళ్లు గచ్చు మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. కుట్రలో తానూ ఉన్నానని మొదటిసారి అనిపించింది. గొంతు తగ్గించి, ఆయన వీపును అడిగింది: "ఎన్నాళ్ల నుంచి?"

ముందుకొచ్చి ఫ్రయర్ ఆపింది.

ఆ సాయంత్రం భర్త షాపు నుంచి తొందరగా వచ్చాడు. అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. పిచ్చుక నల్లబడిన గలగలను స్పూనుతో పక్కకు నెట్టి, పాలు మాత్రం తాగింది.

"తాతయ్య ఆటలో కూడా ఓడిపోతున్నాడు," అంది. "ఫ్రిజ్ అయితే ఫ్యాను అంటాడు. ఏం తిరుగుతోందో నేనే చెప్తున్నా."

"అలాగా," అంది కోడలు.

"వ్యాన్ వెనక్కి వస్తుంటే కూడా నేనే చెయ్యి లాగుతా. తాతయ్య అసలు చూసుకోడు. నిన్న పోస్టాఫీసు దగ్గర గట్టిగా లాగా."

భర్త చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"నాన్నా, ఇకనుంచి దాన్ని స్కూల్లో నేను దింపుతా."

"ఏం, నేను దింపితే నడిచెళ్లదా?"

"నీకు వినపడటం లేదు నాన్నా."

"ఏంటి?"

పిచ్చుక కిసుక్కున నవ్వింది. తనొక్కతే నవ్విందని చూసుకుని ఆపేసింది.

"వినపడటం లేదంటున్నా."

మామగారి మొహం గట్టిపడింది. "మాట నోట్లోనే చప్పరించి మింగేస్తే ఎవడికి వినపడుతుందిరా? గొణక్కుండా మాట్లాడమని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా, ఒక్కరైనా చెవిన పెట్టారా?"

"చెవుల డాక్టరు మా షాపు మేడ మీదే కూర్చుంటాడు. ఒక్కసారి వచ్చి చూపించుకో. చిన్న మిషన్, కనపడను కూడా కనపడదు."

"ఎన్ని మిషన్ల గుండెలు విప్పాన్రా నేను. నాకు మిషన్ పెడతావా?"

"మావయ్యా," అంది కోడలు, ఆయన మొహానికి ఎదురుగా వంగి. "పొద్దున ఫ్రయర్ మీ ముందే కూసింది. వెనక నుంచి నేను కూడా పిలిచాను."

ఆ మాట మాత్రం ఆయనకు అందింది. కోడలి వైపు చూశారు. మిగతావాళ్లు ఏమన్నా సరే, నువ్వు కూడానా అన్నట్టుంది ఆ చూపు. ఆమెకు కళ్లు దించుకోవాలనిపించింది, కానీ దించలేదు.

"దాని మోటారు పోయింది," అన్నారాయన మెల్లగా. "కూతా దాంతోనే పోయింది. రేపు విప్పి అందరి ముందూ చూపిస్తా. రోగం దాంట్లో ఉంటే, పిచ్చుక చెయ్యి నా చేతిలోంచి ఎవరూ తియ్యడానికి వీల్లేదు."

"లేకపోతే?" అంది కోడలు.

ఆయన లేచి వెళ్లిపోయారు. వినపడలేదో, వినపడిందో, ఆ ఒక్కసారికి ఆమెకు తెలియలేదు.

వెనకే వెళ్లబోయిన భర్త చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడు కదపకండి. చల్లారనివ్వండి."

"దేన్ని? నాన్ననా, నీ గ్రనోలానా?"

"రెండూ వేడి మీద గెలికితే చెడిపోయేవే."

మర్నాడు సెలవు. తెల్లవారుతూనే బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద ఫ్రయర్‌ను వెల్లకిలా పడుకోబెట్టారు మామగారు. స్క్రూలు ఒక గిన్నెలోకి, వాషరు బిళ్లలు ఒక గిన్నెలోకి. ఏ ముక్క ఎక్కడిదో తడుముకోకుండా, పసిపిల్ల బట్టలు మార్చినంత మెత్తగా విప్పారు. కోడలు పొయ్యి దగ్గర పని లేకపోయినా అక్కడే నిలబడింది. భర్త పేపర్ తిరగేసి పట్టుకున్నాడు. పిచ్చుక బల్ల కింద కూర్చుని, తాతయ్య పాదాల మధ్య పడుతున్న ఎండముక్కతో ఆడుకుంటోంది.

ఫ్యాను రెక్కలు వేలితో తిప్పారు. సెగనిచ్చే తీగచుట్టను వెలుగుకు పెట్టి చూశారు. దుమ్ము ఊదారు. ఇంకోసారి మొదటి నుంచి చూశారు. చేతులు నెమ్మదించాయి.

అన్నీ బిగించి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేశారు. తల వంచి చెవిని దాని దగ్గరకు తెచ్చారు. మొహంలో ఏ మార్పూ లేదు. అప్పుడు అరచెయ్యి దాని మీద ఆనించారు. అలాగే ఉండిపోయారు. ఆ పెట్టె లోపల ఫ్యాను, కడుపునిండిన పిల్లిలా గుర్రుమంటూ ఆయన చేతిలోకి పాకి, మణికట్టు దాకా వచ్చి ఉంటుంది. ఆయన కళ్లు ఎక్కడో దూరంగా, నీలం తలుపు దగ్గరో, కుట్టుమిషన్ మేడ దగ్గరో తిరుగుతున్నట్టున్నాయి. ఆ వీధిలో పాటలన్నీ ఏ రోజు ఆగిపోయాయో వెతుక్కుంటున్నారని ఆమెకు అనిపించింది.

కోడలు ఓట్స్ కొలిచి, బాదం నలగ్గొట్టి, తేనె కరిగించింది. ఎప్పట్లాగే చేత్తో కలిపి బుట్ట నింపి లోపల పెట్టింది. ఆయన పక్కనే నిలబడి, ఈసారి కూత కోసం కాకుండా కోడలి మొహం కోసం చూశారు. ఆమె తలూపితే బుట్ట లాగారు. తేనె రంగు. పళ్లెంలో పరిచి, అది చల్లారేదాకా ఇద్దరూ కిటికీ దగ్గర ఊరికే నిలబడ్డారు. ఇల్లంతా దాల్చినచెక్క వాసన, వెచ్చగా, నిద్రమత్తులా.

సీసా నింపి ఆమె ఆయన చేతికిచ్చింది. ఆయన చెవి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని ఊపారు. కళ్లు తెరిచారు. పెదవి విరవలేదు. వంగి, సీసాను పిచ్చుక చెవి దగ్గర పెట్టి మళ్లీ ఊపారు. పిల్ల మొహం విప్పారింది, భుజాలు ఎగిరాయి, చెయ్యి అప్పుడే గిన్నె కోసం చాచింది. ఆయన వింటున్నదంతా ఆ మొహంలోనే వింటున్నారు.

"వచ్చిందా?" అన్నారు.

"గలగల," అంది పిచ్చుక.

ఆయన సీసా మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. బల్ల వైపు చూస్తూ ఏదో అన్నారు.

"గొణక్కండి మావయ్యా," అంది కోడలు. ఆమె గొంతులో నవ్వుంది, కళ్లలో నీళ్లున్నాయి. "గట్టిగా చెప్పండి. ఈ ఇంట్లో ఎవరికీ సరిగ్గా వినపడదు."

ఆయన ఒక్క క్షణం ఆమెను కోపంగా చూడబోయి, చేతకాక నవ్వేశారు. తర్వాత పిచ్చుక చెయ్యి పట్టుకుని, పక్కింటివాళ్లకు కూడా తెలిసేంత గట్టిగా అన్నారు:

"మోటారు బాగానే ఉంది. బెల్లూ బాగానే ఉంది. మీరెవరూ గొణగలేదు. పోయింది నా చెవి. మిషన్ పెట్టేదాకా నువ్వు కూడా మాతో స్కూలుదాకా నడు అమ్మాయ్, తప్పు నాదే."