కార్చిచ్చు మాత్రా, కురంగి ముంతా

తెల్లేరు రాజ్యంలో పాలు తోడుకోవడం మానేశాయి! ఒక ఇంట్లో కాదు, ఒక వీధిలో కాదు, రాజ్యం మొత్తంలో! ఎంత తోడేసినా తెల్లారేసరికి పాలు పాలలాగే ఉంటున్నాయి, లేదంటే విరిగి కంపు కొడుతున్నాయి. పోనీ పక్కింట్లో తోడు అడుగుదామంటే అక్కడా లేదు. సరిగ్గా అదే వారంలో యువరాణి చారులేఖ మంచం పట్టింది.

అంతకు నెల ముందు ముళ్ళజ్వరం వచ్చి ఊళ్లకు ఊళ్లనే పడేసింది. ఒళ్లంతా ముళ్లు గుచ్చినట్టు నొప్పి, తర్వాత మగత, తర్వాత చావు. అప్పుడు రాజవైద్యుడు శంఖదత్తుడు ఏడు అడవుల వేళ్లు నూరి కార్చిచ్చు మాత్ర చేశాడు. నిజంగా గొప్ప మాత్ర! జ్వరం పుట్టించే పురుగుల్ని మూడు రోజుల్లో కాల్చేసింది. వేలమంది బతికారు. చారులేఖా బతికింది, ఆమె చెల్లెలు కురంగీ బతికింది. జ్వరం మళ్లీ రాకూడదని వైద్యుడు ఆవులకీ గేదెలకీ కూడా దాణాలో ఆ మాత్రే కలిపించాడు.

జ్వరం పోయింది కానీ చారులేఖ కడుపు పాడైంది. రోజుకు ఇరవైసార్లు పరుగు. గంజి తాగినా నిలవదు, నీళ్లు తాగినా నిలవవు. పది రోజుల్లో ఆమె గాజులు మోచేతి దాకా జారాయి.

"జ్వరం తగ్గిందిగా తల్లీ, ఇంకేం కావాలి?" అన్నాడు శంఖదత్తుడు. "కడుపులో ఇంకా పురుగు మిగిలుంటుంది. మరో ఏడు రోజులు మాత్ర వేద్దాం."

"ఆ మాత్ర వేసుకున్నాకే ఇలా అయిందండీ," అంది చారులేఖ నీరసంగా.

"నా గ్రంథంలో అలా లేదమ్మా," అనేసి వెళ్లిపోయాడు ఆయన.

కురంగికి పన్నెండేళ్లు. ఒక్కచోట కుదురుగా ఉండటం ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ రాదు. ఇప్పుడు తన కడుపులో కూడా గుడగుడ మొదలయ్యేసరికి అసలే నిలవలేకపోతోంది. అక్క గదికీ వంటింటికీ మధ్య తిరిగి తిరిగి, తోడుకోని పాలగిన్నె ముందు టక్కున ఆగింది. పశువులు మాత్ర తిన్నాయి. పాలల్లోకి మాత్ర వచ్చింది. ఆ మాత్ర తోడును చంపేస్తోంది! మరి అక్క కడుపులో కూడా తోడులాంటి మంచివేవో ఉండి, అవీ చచ్చిపోతే?

"దాదీ! ఈ మాత్ర తగలని పెరుగు ఎక్కడైనా ఉందా?" అని వంటింట్లో ఉన్న దాదిని అడిగింది.

"దున్నలకొండ మీద, యక్షిణి మందలో ఉంటుంది. కానీ మూడు రోజుల అడవి, కురంగమ్మా! దోవలో ఏమేం ఉంటాయంటే..."

దాది మాట పూర్తయ్యేసరికే కురంగి కోటగోడ దిగిపోయింది.

మూడు రోజులు పరిగెత్తింది. మధ్యమధ్యలో కడుపు మెలిపెడితే పొదల చాటుకు పరిగెత్తింది, మళ్లీ దారిలోకి పరిగెత్తింది. దున్నలకొండ శిఖరం మీద, కొమ్ముల కంకణాలు వేసుకున్న యక్షిణి గేదెల్ని కడుగుతూ కనిపించింది. కురంగి ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది.

"కార్చిచ్చుకు పులేదో జింకేదో తెలుస్తుందటే? రెంటినీ కాల్చేస్తుంది," అంది యక్షిణి. "మీ అక్క కడుపులో లక్షలమంది కాపలావాళ్లు ఉండేవాళ్లు. కంటికి కనపడరు. జ్వరంతోపాటు వాళ్లూ పోయారు. ఇదిగో, అలాంటివాళ్లే ఉన్న ఈ పెరుగుముంత పట్టుకెళ్లు. రోజూ పొద్దున్నే ఇందులో కొత్త పాలు పొయ్యాలి, లేకపోతే తోడు చచ్చిపోతుంది. పోశాక తోడుకునేదాకా ముంత కదలకూడదు. నువ్వూ రోజుకో చెంచా తిను."

"కదపకుండా కూర్చోవాలా? నేనా?"

"నువ్వే!" అని పకపకా నవ్వింది యక్షిణి.

మొదటి రోజు ఒక కొండమేక పాలిచ్చింది. కురంగి పాలు పోసి కాసేపు కూర్చుంది. అక్కడ అక్క ఎలా ఉందో! ఆగలేక ముంత పట్టుకుని పరుగు తీసింది. మధ్యాహ్నం మూత తీస్తే అంతా నీళ్లనీళ్లు! అడుగున రెండు చెంచాల పెరుగు మాత్రం మిగిలింది. కురంగి తన నెత్తిన తానే మొట్టుకుంది.

రెండో రోజు జలపాతం దగ్గర ఆడపులి అటూ ఇటూ తిరుగుతోంది. దాని పిల్ల తీగల్లో చిక్కుకుని వేలాడుతోంది. కురంగి జారుతూ పాకుతూ వెళ్లి పిల్లను విడిపించింది.

"ఏం కావాలో అడుగు, పిల్లా!" అంది పులి.

"ముంతెడు పాలు!"

"పులిని పితుకుతావా? సరే, తొందరగా కానీ! నిలబడటం నా వల్ల కాదు!"

"నా వల్లా కాదులే!" అంటూ కురంగి గబగబా పితికింది. ఆ రోజు కడుపు కోసం నాలుగుసార్లు లేచింది కానీ ముంత మీద చెయ్యి వెయ్యలేదు. పెరుగు బాగా తోడుకుంది.

మూడో రోజు పొద్దున దారికి అడ్డంగా గుండిగాసురుడు కూర్చున్నాడు. తాటిచెట్టంత రాక్షసుడు! పక్కన మేకలమంద, ముందు పెద్ద గుండిగలో సలసల కాగుతున్న పాలు.

కురంగి అక్క సంగతి చెప్పి పాలు అడిగింది. "పాలిస్తా," అన్నాడు. "కానీ ఆ రాతి మీద కూర్చో. తోడుకునేలోపు లేచావో, మధ్యాహ్నం నేను వండుకునే కూర నువ్వే!"

కురంగి కూర్చుంది. వాడు దొప్పలో మరిగే పాలు పోసిచ్చాడు. "పొయ్యి మరి! ఆలస్యమెందుకు?"

కురంగి వేలు ముంచి "అబ్బా!" అంది. నా వేలే ఓర్చుకోలేకపోతే, కంటికి కనపడనంత చిన్నవాళ్లు ఏమైపోతారు? దొప్ప పక్కన పెట్టింది. ఊదలేదు, ఉరకలేదు. వేలికి వెచ్చగా హాయిగా అనిపించాకే ముంతలో పోసింది.

"కాలు తిమ్మిరెక్కలేదూ? అదిగో, వీపు మీద చీమ!" రాక్షసుడు పాటలు పాడాడు, గులకరాళ్లు విసిరాడు. చివరికి మెల్లగా అన్నాడు: "మీ అక్క ఈపాటికి పోయే ఉంటుంది."

కురంగి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాళ్లు పరుగు పరుగంటున్నాయి. రాతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఎండ నడినెత్తికొచ్చింది. అప్పుడు గమనించింది. ఒక్కసారి కూడా పొదల చాటుకు పోలేదు! కడుపులో గుడగుడ లేదు! ఇన్ని రోజుల తర్వాత కడుపు హాయిగా ఉంది. ఈ పెరుగు పని చేస్తోంది!

రాక్షసుడు ముంత వంచి చూశాడు. పెరుగు కదల్లేదు.

"ఓర్నాయనో! గడ్డపెరుగే! ఓడిపోయాను. ఎక్కు నా భుజమెక్కు, కోట దగ్గర దింపుతా."

"మెల్లగా నడు. ముంత కదిలిందో, నీ చెవి కొరుకుతా!"

సాయంత్రానికి కోట చేరారు. శంఖదత్తుడు కొత్త మాత్రతో మంచం పక్కన నిలబడి ఉన్నాడు. చారులేఖ ఎముకల గూడులా ఉంది.

"ఆగండి! మీ మాత్ర అక్కను బతికించింది, నన్నూ బతికించింది, కాదనను. కానీ అక్క మాట కూడా వినండి. ఒక్కసారి!"

"చిన్నపిల్లవు, నీకేం తెలుసు..."

"నాకు తెలుసండీ," అంది చారులేఖ. "కడుపు నాది."

శంఖదత్తుడు చేతిలోని మాత్రను చాలాసేపు చూశాడు. తర్వాత మంచం అంచున కూర్చున్నాడు. "ఎప్పటి నుంచి, తల్లీ? మొదటి నుంచీ చెప్పు."

ఆమె చెప్పింది, ఆయన విన్నాడు. ప్రతి మాటా గ్రంథంలో రాసుకున్నాడు. కొత్త మాత్ర పెట్టెలో పెట్టేసి, తానే చెంచా అందుకుని పెరుగు తినిపించాడు. పశువుల దాణాలో మాత్ర ఆపించాడు.

మొదటి రోజు ఏ మార్పూ లేదు. కురంగి గది చుట్టూ తిరుగుతూనే ఉంది. రెండో రోజు పెరుగు నిలిచింది. నాలుగో రోజు గంజి నిలిచింది. చారులేఖ లేచి నడవడానికి నెల పట్టింది. ఆ నెలలో పాలు కూడా తోడుకోవడం మొదలుపెట్టాయి, కురంగి ముంతలోని తోడు ఇంటి నుంచి ఇంటికి రాజ్యమంతా తిరిగింది.

చారులేఖ మహారాణి అయిన రోజు తొలి ఆజ్ఞ ఇచ్చింది: మాత్ర ఇచ్చిన ఏ వైద్యుడైనా మూడో రోజున ఆ ఇంటికి వెళ్లి, రోగికి ఇంకేమైనా బాధలు వచ్చాయేమో అడిగి తీరాలి. అందరికంటే ముందు బయల్దేరింది శంఖదత్తుడే. వర్షంలో, గొడుగేసుకుని, గ్రంథం చంకన పెట్టుకుని, మొదటి తలుపు తట్టాడు.