వెనిగర్ కోసం వచ్చినవాడు

"ఆంటీ, రెండు పెద్ద డబ్బాల వెనిగర్ కావాలి."

గుమ్మంలో నిలబడ్డ కుర్రాణ్ణి ఎగాదిగా చూశాను. పొడుగ్గా ఉన్నాడు. ఎండకి నల్లబడ్డాడు. చేతుల్లో రెండు ఖాళీ నూనె డబ్బాలు. మా తీరంలో వెనిగర్ సీసాల్లో కొంటారు. చేపముక్కలు ఊరేసుకోవడానికి ఇంటికొక సీసా ఉంటే చాలా రోజులొస్తుంది. డబ్బాలు పట్టుకొచ్చినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

"ఏం, ఇంట్లో పెళ్ళా?"

"కాదాంటీ."

"మరి ఎవరైనా పోయారా?" అన్నాను. నా నోరంతే. మంచి తట్టేలోపే చెడు తట్టేస్తుంది.

లోపల్నుంచి మా అమ్మాయి జోనలిన్ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వినగానే కుర్రాడి చేతిలో డబ్బా జారి కింద పడింది. నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కానీ నేను వాడి కాలివేలు చితికిందేమోనని వంగి చూస్తున్నాను.

పేరు ఎల్జున్ అన్నాడు. వాగు అవతల పడవలు చేసేవాళ్ళబ్బాయి. ఊరి యువజన క్లబ్‌లో పని చేస్తున్నాడట.

"క్లబ్ పనికి కావాలాంటీ. మా దగ్గర డబ్బుల్లేవు. బదులుగా మీ కట్టెలు కొట్టిపెడతాను, నీళ్ళు మోస్తాను."

క్లబ్బుకి వెనిగర్ దేనికని అడగబోయాను. వాడు నా భుజం మీదుగా లోపలికి చూశాడు. వెనక్కి తిరిగితే జోనలిన్ తల అడ్డంగా ఊపుతోంది. ఈగలు ముసురుతున్నాయేమో అనుకున్నాను.

మా ఆయన బుర్సియో కొబ్బరి చెట్లెక్కి కల్లు దింపుతాడు. ఆ కల్లుని నేను జాడీల్లో పులియబెట్టి వెనిగర్ చేస్తాను. ఆయన చెట్టెక్కిన ప్రతిసారీ కింద నిలబడి జపమాల తిప్పుతాను. చెట్లన్నీ దిగాక ఆ మనిషికి గొడ్డలి ఎత్తే ఓపిక ఉండదు. ఎత్తినా, అలసిన చేతిలో గొడ్డలి ఎటు జారుతుందోనని నాకు ఇంకో భయం. అందుకే ఒప్పుకున్నాను.

వానాకాలం మొదలైనప్పట్నుంచి ప్రతి శనివారం వచ్చేవాడు. కట్టెలు కొట్టేవాడు, నీళ్ళు మోసేవాడు, డబ్బాలు నింపుకుని వెళ్ళేవాడు. ఖాళీ కడుపుతో గొడ్డలి పడితే కళ్ళు తిరుగుతాయి, కళ్ళు తిరిగితే కాలు తెగుతుంది. కాబట్టి ఏదో ఒకటి పెట్టమని జోనలిన్‌కి నేనే చెప్పాను. ఉడికించిన అరటిపళ్ళు, అల్లం టీ తీసుకెళ్ళేది. పెరట్లో ఇద్దరి మాటలూ వెదురు తడికల్లోంచి వినిపించేవి.

"ఇలా కొడితే ఏడాది పడుతుంది," అనేది జోనలిన్.

"పట్టనీ. నాకేం తొందర?"

"మా అమ్మకుంది. పొయ్యి ఆరిపోతోంది."

"మీ అమ్మకి పొయ్యి ఆరితే భయం. వెలిగితే ఇల్లంటుకుంటుందని భయం."

"మా అమ్మనేమైనా అన్నావంటే ఈ అరటిపళ్ళు కోళ్ళకేస్తాను."

"అనను. ఆ కోళ్ళమీద ఒట్టు."

ఒకసారి ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. చూస్తే ఇద్దరూ ఒకే రేకు కింద, ఒకరి చెయ్యి ఇంకొకరికి తగలకుండా, తగిలితే బాగుండన్నట్టు నిలబడ్డారు. జోనలిన్ వానని చూస్తోంది. వాడు జోనలిన్‌ని చూస్తున్నాడు. "పిడుగు పడుతుంది, రేకు వదలండి!" అని అరిచాను. నాకు పిడుగే కనిపించింది మరి.

అరుగు మీద వాడి సంచి తడుస్తోంది. లోపలికి లాగాను. లోపలివి తడిశాయేమోనని మూతి విప్పాను.

సంచి నిండా ఇంజెక్షన్లు. పందులకి వేసేవాటికన్నా లావుపాటి సూదులు.

మత్తుమందు సూదులు పట్టుకు తిరిగే కుర్రాళ్ళు మా ప్రాంతంలో ప్రాణాలతో మిగలరని అందరికీ తెలుసు. ఆ మాట పైకి అనాలన్నా భయమే. నా పిల్ల వాడితో ఒకే రేకు కింద నిలబడి ఉంది.

చీపురు పట్టుకుని పెరట్లోకి ఉరికాను.

"ఏంటివి?"

"ఇంజెక్షన్లాంటీ."

"అది నాకూ తెలుసు! ఎవరికి?"

"నక్షత్రాలకి."

"బుర్సియో! పరుగెత్తుకురా! వీడికి అప్పుడే ఎక్కింది!"

జోనలిన్ నాకూ వాడికీ మధ్య నిలబడింది. "అమ్మా, చీపురు దించు. నక్షత్రాలంటే దపాగ్‌లు. ముళ్ళ నక్షత్ర చేపలు."

దపాగ్ అంటే నాకు తెలియకపోవడమేమిటి? ఒళ్ళంతా విషపు ముళ్ళు. మా చిన్నాన్న ఒకదాన్ని తొక్కి రోజుల తరబడి కేకలు పెట్టాడు. ఇప్పుడవి తెగ పెరిగి పగడాలన్నీ తినేస్తున్నాయట. పగడం పోతే చేప పోతుంది, చేప పోతే ఊరికి కూడు పోతుంది. సూదితో కాస్త వెనిగర్ ఎక్కిస్తే దపాగ్ చస్తుంది, పక్కనున్న దేనికీ ఏమీ కాదు. క్లబ్ వాళ్ళు ప్రతి ఆదివారం చేస్తున్న పని ఇదేనట.

"మీ వెనిగర్‌కి ఒక్క పోటు చాలాంటీ," అన్నాడు ఎల్జున్. "అంత పులుపు."

నా చీపురు కొంచెం దిగింది.

"అవి పాకిన చోట పగడం ఎముకలా తెల్లగా అయిపోతుందమ్మా," అంది జోనలిన్. "చూస్తే కడుపు తరుక్కుపోతుంది."

"నువ్వెక్కడ చూశావు?"

జోనలిన్ తడి జుట్టుని గబగబా ముడేసుకుంది.

ప్రతి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక పాటల సాధనకని వెళ్ళే పిల్ల! జుట్టు తడిసి వస్తే చెమటేమో, జ్వరం తగులుతుందేమో అని తుడిచాను నేను.

"ఈ ఇంట్లోంచి చుక్క వెనిగర్ బయటికి పోదు," అన్నాను. "నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కకు."

"ఆంటీ, రేపొక్క ఆదివారానికి ఇవ్వండి. ఇంకొన్నాళ్ళాగితే గుడ్లు పెడతాయి. అప్పుడిక మా వల్ల కాదు."

"వెళ్ళు!"

వెళ్ళాడు. కానీ వెళ్ళేముందు, కొట్టిన కట్టెలన్నీ తడవకుండా చూరు కింద పేర్చి మరీ వెళ్ళాడు.

పొద్దుగూకకముందే కంచె అవతల్నుంచి పక్కింటి ఇస్కా తొంగిచూసింది. "ఏమ్మా, అల్లుణ్ణి తరిమేశావట?"

"ఎవరే అల్లుడు?"

"అయ్యో తల్లీ! పెళ్ళీడు పిల్లున్న ఇంట్లో కట్టెలు కొట్టిస్తివి, నీళ్ళు మోయిస్తివి, తిండి పెట్టిస్తివి. మా తాత కూడా మా అమ్మమ్మ కోసం ఇంత చాకిరీ చెయ్యలేదు. ఊరంతా ముహూర్తం ఎప్పుడా అని చూస్తోంది!"

"వాడు చేసింది వెనిగర్ కోసం!"

"ఔను, మా తాత కూడా నీళ్ళు దాహానికే మోశాడులే!"

మా దగ్గర పిల్లని కోరుకున్నవాడు ముందు ఆ ఇంటికి సేవ చేస్తాడు. ఇష్టం లేకపోతే ఇంటివాళ్ళు మొదటి రోజే గొడ్డలి లాక్కుంటారు. లాక్కోలేదంటే ఔనన్నట్టే. నాకు తెలియని పద్ధతి కాదు. బుర్సియో మా పుట్టింట్లో పందుల్ని మేపి నన్ను చేసుకున్నాడు. ఆకాశంలో లేని పిడుగుని చూశాను గాని, నా పెరట్లో జరిగేది చూడలేదు.

"నీకు తెలుసా?" అని బుర్సియోని అడిగాను.

"నువ్వు ఒప్పుకున్నావనే అనుకున్నా," అన్నాడు. "నీ కళ్ళబడని అపాయం కూడా ఒకటుంటుందని నేనెలా అనుకుంటాను?"

ఆదివారం జోనలిన్ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"చెప్పకుండా వెళ్ళొచ్చమ్మా. చెప్పి వెళ్తున్నాను. వెనిగర్ లేదు కాబట్టి ఒక్కోదాన్నీ పటకార్లతో పట్టి పైకి తేవాలి. దానికి ఎక్కువమంది కావాలి."

వద్దంటే అదే ఆఖరి మాటవుతుందేమో. వెళ్ళమంటే నేనే పంపినట్టవుతుందేమో. అది నా నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

ఒడ్డున నిలబడ్డాను. సముద్రం బూడిద రంగులో ఉంది. పడవలు పగడాల దిబ్బ దగ్గర ఆగాయి. తలలు నీళ్ళలో మునుగుతున్నాయి, తేలుతున్నాయి. ఒక తల మునిగితే నా ఊపిరి ఆగేది. తేలినది మునిగినదేనా అని ఇంకో భయం. కాళ్ళు కొంకర్లు పోతే? అల పగడం మీదకి విసిరితే? మేరీమాతా, ఈ ఒక్కసారికి ఒడ్డు చేర్చు తల్లీ, ఇంకెప్పుడూ ఏమీ అడగను అన్నాను. ఆ మాట నేను ఆమెతో ప్రతిరోజూ అంటాను.

ఒక పడవ ముందే వెనక్కి తిరిగింది.

అందులో ఎవరో పడుకుని ఉన్నారు.

జోనలిన్ ఎర్ర చొక్కా వేసుకుంది. ఎర్ర చొక్కా కోసం వెతికాను. కనిపించలేదు. మోకాళ్ళలోతు నీళ్ళలోకి పరుగెత్తాను. ఈత రాని నేను నడుములోతు దాకా వెళ్ళిపోయాను. పడవ దగ్గరికొచ్చాక కనిపించింది ఎర్ర చొక్కా, పడుకున్న మనిషి మీదకి వంగి.

ఎల్జున్ కుడిచెయ్యి కల్లుకుండలా ఉబ్బింది. అరచేతిలో నల్లటి ముళ్ళు విరిగి ఉన్నాయి.

"అల నన్ను దాని మీదకి తోసిందమ్మా," అంది జోనలిన్. "చెయ్యి అడ్డం పెట్టాడు. నా ముఖానికీ దానికీ మధ్య."

ఊరి నర్సమ్మకి ఫోన్ చేశారు. తను వచ్చేలోపు ఆ చేతిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఉంచమంది.

వాణ్ణి మా ఇంటికే తెమ్మని చెప్పి నేను ముందు పరుగెత్తాను. పొయ్యిలో కట్టెలు పెట్టాను. అంత వాన కురిసినా ఒక్కటీ తడవలేదు. అగ్గిపుల్ల తగలగానే అంటుకున్నాయి. వాడు కొట్టి, పేర్చి వెళ్ళిన కట్టెలు.

నా మోచెయ్యి ముంచి వేడి చూసి, వాడి చెయ్యి పెట్టించాను. పళ్ళు బిగించాడు.

"చచ్చిపోతానా ఆంటీ?"

"నోర్ముయ్! ఈ ఇంట్లో అలాంటి మాటలు నేనే అనాలి."

జోనలిన్ ఏడుస్తూనే నవ్వింది.

"వెనిగర్ లేకుండా ఎందుకెళ్ళావురా?"

"మీరివ్వలేదుగా."

"కంచె దూకి తీసుకుపోవాల్సింది!"

"మీకు దొంగలంటే భయమని జోనలిన్ చెప్పింది."

నీళ్ళు చల్లారుతుంటే ఇంకొన్ని వేడివి పోశాను.

"నిజం చెప్పు. మా ఇంటికి వెనిగర్ కోసమే వచ్చావా?"

వాడు జోనలిన్ వైపు చూశాడు. ఈసారి అది తల అడ్డంగా ఊపలేదు.

"గుమ్మం దాకా వెనిగర్ కోసమే వచ్చానాంటీ. డబ్బా కిందపడ్డాక కాదు."

నర్సమ్మ వచ్చి ముళ్ళు తీసింది, కట్టు కట్టింది. వేడినీళ్ళు మంచి పని చేశాయంది. ప్రాణభయం లేదని మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

సాయంత్రానికి వాపు కాస్త తగ్గింది. వాడు లేచి నిలబడ్డాడు.

"వచ్చే శనివారం గొడ్డలి పట్టుకోలేనాంటీ."

"రాకు. చెయ్యి మానాక రా. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా. మెట్లు జారుతుంటాయి, చూసి ఎక్కమని చెప్పు."

వాడికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"వెనిగర్ సంగతి ఆంటీ?"

రెండు డబ్బాలు నింపి గుమ్మంలోనే పెట్టాను. "అది ఊరికే తీసుకుపో. కట్టెలకీ దీనికీ సంబంధం లేదు. ఈసారి పడవలో నేనూ వస్తాను. పిల్ల నీళ్ళలో ఉంటే నేను ఒడ్డున ఉండలేను."

"మీకు పడవంటే భయం కదాంటీ?"

"చచ్చేంత."

లోపల్నుంచి జోనలిన్ నవ్వింది. ఎల్జున్ ఎడమచేతిలో డబ్బా జారింది.

ఈసారి నేను పట్టుకున్నాను.