ఇక్కడ మనిషి ఉన్నారు

బుకిట్ బటోక్‌లో ఆ మధ్యాహ్నం జోరున వాన. నిశాంత్ తడిసి ముద్దయి హాకర్ సెంటర్‌లోకి పరిగెత్తాడు. తిండి కొట్ల ముందు జనం కిటకిటలాడుతున్నారు. ఒక్క బల్ల దగ్గరే కుర్చీలు ఖాళీ. బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. ఎవరో మర్చిపోయారనుకున్నాడు. కూర్చుని, ప్యాకెట్ విప్పి, ముఖం తుడుచుకున్నాడు. మెడ కూడా తుడుచుకున్నాడు. అతను సింగపూర్ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు.

"దేవుడా!" అని వినిపించింది, తెలుగులో.

తలెత్తాడు. ట్రే పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"మీరు తెలుగా?" అన్నాడు సంబరంగా.

"అది తర్వాత. నా టిష్యూలేవి?"

"మీవా? ఎవరో వదిలేశారనుకున్నానండీ."

"వదల్లేదు. చోప్ చేశా. బల్ల మీద టిష్యూ పెడితే ఆ చోటు మనది. ఇంకెవరూ కూర్చోరు. మీరేమో మెడ కూడా తుడిచేసుకున్నారు."

"అంటే మా రాజమండ్రి బస్సుల్లో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టా?"

"అదే. ఆ కర్చీఫ్‌తో ఎవరైనా ముఖం తుడుచుకుంటారా?"

నిశాంత్ లేచాడు. "సారీ అండీ. కొత్తది కొనిస్తా."

"కూర్చోండి లా," అంది సింగపూర్ యాసలో. "ఈ వానలో ఎక్కడికెళ్తారు?"

పేరు స్పందన. వుడ్‌ల్యాండ్స్‌లో అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. అక్కడే పెరిగింది. యూనివర్సిటీలో రీసెర్చ్. అరబిక్ నేర్పే టీచరు ఇల్లు ఈ పక్క బ్లాకులోనే. శుక్రవారం పాఠం అయ్యాక ఇక్కడ తిని వెళ్తుంది.

"అరబిక్ ఎందుకండీ?"

"అరబ్ దేశాల్లో యుద్ధాలు ఆపడానికి చర్చలు జరుగుతాయి కదా. వాటిలో ఆడవాళ్ళ మీద నా పని."

"వాటిలో ఆడవాళ్ళుంటారా?"

"ఉంటారు. గది బయట."

ఆ మాట అని ఆమె పళ్ళెం మీదికి తల వంచేసింది. అన్నం కెలుకుతూ ఉండిపోయింది.

నిశాంత్ ఆఫీసు పాయా లేబర్‌లో. శుక్రవారం మాత్రం ఈ దగ్గర్లోనే ఉన్న ఇంటి నుంచి పని. తర్వాతి శుక్రవారం ఆ బల్ల మీద అతనే ముందుగా టిష్యూ పెట్టి కూర్చున్నాడు. ఆమె చూసి నవ్వు ఆపుకుంది.

ఆ రోజే ఫౌజియా గురించి చెప్పింది. యెమెన్‌లో ఒక కొండ ఊళ్ళో పంతులమ్మ ఆవిడ. ఊరికి ఒకటే బావి. దానికి అటొక జట్టు, ఇటొక జట్టు. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే. నీళ్ళకి వెళ్ళిన వాళ్ళు శవాలై వచ్చారు.

"ఒకరోజు ఆవిడ వెళ్ళి, తల మీద గుడ్డ తీసి ఇద్దరి మధ్య నేల మీద పరిచింది. కాల్పులు ఆగాయి."

"గుడ్డ పరిస్తేనా?"

"అక్కడి ఆనవాయితీ అది. ఆడమనిషి పరిచిన గుడ్డ దాటితే మగాడికి తలవంపులు."

నిశాంత్ బల్ల మీది ప్యాకెట్ వైపు చూశాడు. "అక్కడ నేనుంటే ముఖం తుడుచుకునేవాణ్ణి."

ఈసారి ఆమెకు నవ్వు ఆగలేదు. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు.

ఆ తర్వాత ఒకే గొడుగులో స్టేషన్ దాకా నడవడం అలవాటైంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. కావాలనే నెమ్మదిగా నడిచేవాళ్ళు. మనసులో మాట మాత్రం అతను చెప్పలేదు. వచ్చేవారం చెప్దామనుకునేవాడు. వచ్చేవారం కూడా అదే అనుకునేవాడు.

ఇంతలో స్పందనకి అరబ్ నగరం అమ్మాన్ నుంచి పిలుపొచ్చింది. యెమెన్ వాళ్ళ చర్చలు అక్కడే. ఫౌజియాకి ఒక కుర్చీ ఇస్తామన్నారు. ఆవిడ పక్కన ఉండి అనువాదం చేయడానికి, కాగితాల పని చూడటానికి మనిషి కావాలి. ఏడాది ఉద్యోగం.

ఆమె తండ్రి రంగనాథ్ వెళ్ళొద్దన్నాడు. కూతురి మాటల్లో తరచూ వినే నిశాంత్‌ని ఆదివారం భోజనానికి పిలిచాడు.

భోజనం అయ్యాక స్పందన, ఆమె తల్లి ప్రభావతి వంటింట్లో ఉన్నారు. రంగనాథ్ కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు.

"చూడు బాబూ. మీ సంగతి నాకు తెలుసు, నాకేం అభ్యంతరం లేదు. దాన్ని ఆపు. వచ్చే మాఘంలో పెళ్ళి చేసేస్తా."

నిశాంత్‌కి కోరుకున్నది అడక్కుండానే చేతికందినట్టయింది.

"సరే అంకుల్. నేను చెప్తాను. వెళ్ళదులెండి."

వెనక కప్పులు చప్పుడయ్యాయి. స్పందన కాఫీ ట్రేతో నిలబడి ఉంది.

"అయిపోయాయా చర్చలు? నా గురించేగా. మరి నా కుర్చీ ఏది?"

"అది కాదు స్పందనా..."

"అక్కడ వాళ్ళకి తుపాకులున్నాయి. నీకు అవీ లేవు. అయినా అదే పని చేశావు."

ట్రే బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. కాఫీ ఎవరూ తాగలేదు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండు శుక్రవారాలు రాలేదు. మూడోసారి వచ్చింది కానీ కూర్చోలేదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఫౌజియాని దారిలోనే ఆపేశారు. వెంట మగతోడు లేదని వెనక్కి పంపేశారు. ఆ కుర్చీలో ఇంకో మగాణ్ణి కూర్చోబెట్టారు. చర్చల్లో బావి మాటే రాలేదట. మళ్ళీ అక్కడ కాల్పులు."

"ఇంకెందుకు వెళ్ళడం?"

"నా ఉద్యోగం అలాగే ఉంది. వచ్చే చర్చలకైనా ఆవిణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టాలి. నాన్నకి చెప్పకుండా వెళ్ళిపోతా. నీకు చెప్పాలనిపించింది, చెప్పా."

వానలోనే వెళ్ళిపోయింది. ఆమె తండ్రికి చెప్పకుండా వెళ్ళిందంటే ఆ ఇంటి తలుపు మళ్ళీ తెరుచుకోదు. నిశాంత్‌కి ఆ సంగతి తెలుసు.

వారం తిరిగేసరికి రంగనాథ్‌ని హాకర్ సెంటర్‌కి పిలిచాడు. తన పక్క కుర్చీ ముందు టిష్యూ ప్యాకెట్ పెట్టాడు.

"మా అమ్మాయి ఏమంటోంది బాబూ? నువ్వు చెప్పావా?" అన్నాడు రంగనాథ్ కూర్చుంటూనే.

"ఆగండి అంకుల్. ఇక్కడ మనిషి ఉన్నారు. వచ్చాక మాట్లాడదాం."

"ఎవరూ?"

నిశాంత్ ప్యాకెట్ చూపించాడు. రంగనాథ్ దాని వైపు చూసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. కాఫీలు చల్లారాయి.

పాఠం అయ్యాక స్పందన వచ్చింది. తండ్రిని చూసి ఆగింది. ఖాళీ కుర్చీని చూసింది. వచ్చి కూర్చుంది.

"నువ్వే ముందు చెప్పు," అన్నాడు నిశాంత్.

"నేను వెళ్తాను నాన్నా. మీరు వద్దన్నా వెళ్తాను. కానీ మీరు సరేనంటే ఏడవకుండా వెళ్తాను."

"యుద్ధంలోకి ఎలా పంపనే?"

"అమ్మాన్‌లో యుద్ధం లేదు నాన్నా. ఉన్నచోట ఫౌజియా ఉంది."

రంగనాథ్ కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పాడు. "ఆవిడకి పిల్లలున్నారా?" అన్నాడు చివరికి.

"ఒక కొడుకు ఉండేవాడు. బావి దగ్గరే పోయాడు."

అతను తన కాఫీ కూతురి ముందుకి జరిపాడు. "తాగు. రోజూ ఫోన్ చెయ్యి." లేచి స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.

స్పందన చల్లారిన కాఫీ తాగింది.

"నన్ను ఆగమని అడగవా?"

"అడగను."

"అంత ఇష్టం లేదన్నమాట."

"ఉంది. మొదటి రోజు మెడ తుడుచుకున్నప్పటి నుంచీ ఉంది."

"ఇప్పుడా చెప్పేది?" కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఏడాదంటే ఏడాదే కాకపోవచ్చు నిశాంత్. అక్కడ ఏదీ అనుకున్నప్పుడు అవదు."

"చోటుంటుంది."

ఆమె వెళ్ళింది. ఏడాది దాటింది. బావికి దారి ఇంకా తెరుచుకోలేదు. ఫౌజియా ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. కొన్ని శుక్రవారాలు అమ్మాన్ నుంచి ఎన్నిసార్లు చేసినా ఆవిడ ఫోన్ మోగదు. ఆ రోజుల్లో స్పందన నిశాంత్‌కి ఫోన్ చేస్తుంది.

ఈ శుక్రవారం కూడా వాన. హాకర్ సెంటర్ నిండిపోయింది. ట్రేతో ఒక పెద్దావిడ వచ్చి ఎదుటి కుర్చీ దగ్గర ఆగింది.

"గాట్ పీపుల్?" ఇక్కడ మనిషి ఉన్నారా అని అడిగింది.

"ఎస్ ఆంటీ. గాట్ పీపుల్."

ఆవిడ టిష్యూ ప్యాకెట్ చూసి, తల ఊపి వెళ్ళిపోయింది.

వాన జల్లు లోపలికి కొడుతోంది. నిశాంత్ ముఖమంతా తడిసింది. ప్యాకెట్ తడవకుండా కాస్త లోపలికి జరిపాడు. విప్పలేదు.