నోరు మూసినా ఆగని పాట

2091 నాటికి కాకినాడలో ఎవరి మాటా ఎవరినీ నొప్పించడం మానేసింది. ఊరంతా మర్యాదస్తులైపోయారని కాదు. ఆ మర్యాదంతా చెవిలో అతికించుకున్న పొరది. ఉల్లిపొరంత పల్చటి ఆ వస్తువు బయటి శబ్దాన్ని ముందు తను విని, తర్వాత మనిషికి వినిపించేది. మధ్యలో బూతు గానీ, ఎగతాళి గానీ, కులం పేరెత్తి అన్న మాట గానీ తగిలితే దాన్ని తీసేసి, అదే గొంతుతో, అదే తాళానికి సరిపడే మరో మాట పెట్టేది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ విభావరి 'శ్రవణ శోధకం' అని పేరు పెట్టింది. జనం చెవిపొర అన్నారు. రేవు దగ్గర పడవవాడు నోటికొచ్చినట్టు తిట్టినా 'దయచేసి లోపలికి జరగండి' అని వినబడేది. తిట్టినవాడు తనివితీరా తిట్టుకున్నాడు, విన్నవాడు నవ్వుకుంటూ జరిగాడు. ఇద్దరికీ సుఖమే. సిగ్గుమాలిన సుఖం.

ఆ సుఖం అందరికంటే బాగా కలిసొచ్చింది పాత సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాలకి. ఆడవాళ్ళనీ, పేదవాళ్ళనీ, నల్లగా పుట్టినవాళ్ళనీ వెక్కిరించే పాటలు వేదికల మీద పాడకూడదని అంతకుముందు పెద్ద గొడవే జరిగింది. ఊరి సభ నిషేధం కూడా పెట్టింది. చెవిపొర రాగానే ఎత్తేశారు. విన్నవాడికి చేరని మాట మాటే కాదు కదా, పాడితే తప్పేమిటి అన్నారు. పాడే మనిషి కూడా మనిషేనన్న సంగతి ఒక్కరికీ గుర్తురాలేదు.

ఆ పాడే మనిషి పేరు నూకరత్నం. పేర్రాజు మాస్టారి ఆర్కెస్ట్రాలో ముఖ్య గాయని. వేదిక మీద వాళ్ళు చెవిపొర తీసేసి పాడతారు, తమ శ్రుతి తమకి ఉన్నదున్నట్టు వినబడాలి గనక. పేర్రాజు గొప్పంతా ఒకటే: రికార్డులో ఎలా ఉందో అలాగే. వయొలిన్ బిట్టు దగ్గర్నుంచి గాయకుడి దగ్గు దాకా ఏదీ పోకూడదు. మార్చి పాడినవాణ్ణి ఆయన ఆర్కెస్ట్రా మనిషిగా లెక్కలోకే తీసుకోడు.

ఎక్కడ కచేరీ పెట్టినా జనంలోంచి కోరిక చీటీలు వచ్చేవి. అన్నిటికంటే ఎక్కువ చీటీలు గంగమ్మ పాటకే. చేపల బుట్టతో వీధిలోకొచ్చిన గంగమ్మని హీరో ఆటపట్టించే పాట అది, రికార్డులో ఆ పాదాలు పాడింది మాత్రం ఆడగొంతే.

*బుట్ట దించకే గంగమ్మా, ముందు నీళ్ళోసుకు రావమ్మా*
*చేపకు రేటు చెప్పావు గానీ, నీ రేటెంతో చెప్పవమ్మా*

ఆ రెండో పాదం కాగానే రికార్డులో వాద్యాలన్నీ ఆగి, మూక ఈల ఒకటి వినిపిస్తుంది. కచేరీలో ఆ ఈల జనమే వేస్తారు. అది ఆనవాయితీ. దాని కోసం వాద్యకారులు చేతులెత్తి ఆగుతారు.

రత్నం తల్లి సత్తెమ్మ జగన్నాథపురం సందుల్లో బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి. పాట కొత్తగా వచ్చిన రోజుల్లో ఆమె ఏ సందులోకి వెళ్ళినా అరుగుల మీంచి ఆ పాదమే ఎదురొచ్చేది. పిల్లలు పాడితే సరేలే అనుకుంది. ఒకరోజు ఒక పెద్దమనిషి, ఇంట్లో పెళ్ళికెదిగిన కూతుళ్ళు ఉండగానే, తూకం చూస్తూ అదే పాదం కూనిరాగం తీశాడు. సత్తెమ్మ బుట్ట ఎత్తుకుని ఇంటికొచ్చేసి, ఆ వీధి మళ్ళీ తొక్కలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళకీ కూతురు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆ తల్లి మొదటిసారి కూతురి కచేరీకి వస్తోంది, ఆదివారం సాయంత్రం సముద్రోత్సవానికి. ఆవిడకి చెవిపొర లేదు. అతికిస్తానని కూతురు ఎన్నిసార్లు బతిమాలినా, "నాకెందుకే అది, ఉన్న సెవులు సాల్లే" అని తోసేసింది. అంటే ఊరంతా మర్యాదగా వినే పాటని ఆవిడ ఒక్కతే ఉన్నదున్నట్టు వింటుంది, అదీ కన్నకూతురి నోట.

గంగమ్మ పాట పాడనని రత్నం రిహార్సల్లో తెగేసి చెప్పింది. పేర్రాజు ముందు నచ్చచెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మనం రాసినవాళ్ళం కాదమ్మాయ్, అచ్చు దించేవాళ్ళం మాత్రమే అన్నాడు. ఇవాళ ఈ పాట తీస్తే రేపు ఇంకొకరొచ్చి ఇంకోటి తీయమంటారు, చివరికి పాతపాటల్లో సగం సముద్రంలో కలపాలి అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆ పైన మాత్రం అందరూ అనే మాటే తనూ అన్నాడు, ఎవరికీ వినబడని మాటకి ఇంత రాద్ధాంతమెందుకని.

"ఎవరికీ వినబడకపోతే నా నోటికి తెలీదా మాస్టారూ?" అంది రత్నం. "మా అమ్మని నేనే రేటు అడుగుతున్నట్టుంటుంది. మీ అమ్మగారి పేరు పెట్టి మీరు పాడగలరా?"

పేర్రాజు హార్మోనియం మూత వేసేశాడు.

చివరికి రాజీ కుదిరింది. పాట ఉంటుంది, మాటలు రత్నం మార్చి పాడుతుంది. రేటు అన్నచోట పేరు అంటుంది. *చేపకు పేరు చెప్పావు గానీ, నీ పేరేమిటో చెప్పవమ్మా.* ఎలాగూ జనం చెవిలో పొర పెట్టే మాటా దాదాపు అదే కాబట్టి ఎవరికీ తేడా తెలియదని పేర్రాజు మనసు రాయి చేసుకుని ఒప్పుకున్నాడు. ఉత్సవానికి ముందు ఒక పెళ్ళి విందులో రత్నం అలాగే పాడింది. శుభ్రమైన మాటలు, శుభ్రమైన గొంతు. పాదం ముగిసింది, వాద్యాలు ఆగాయి.

ఈల దద్దరిల్లిపోయింది. వెనక వరసలో ఒకడు కుర్చీ ఎక్కి రెండు వేళ్ళూ నోట్లో పెట్టుకున్నాడు. ముందు వరసలో నగలు పెట్టుకున్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమన్నారు. 'నీ పేరేమిటమ్మా' అంటే ఎవడైనా ఈల వేస్తాడా? రత్నానికి ఒళ్ళు మండిపోయింది. అలవాటమ్మాయ్, ఆ చోట చెయ్యి దానంతటదే నోట్లోకి పోతుంది అన్నాడు పేర్రాజు. కిసుక్కుమనడం కూడా అలవాటేనా అని ఆమె అడిగింది. ఆయన వైర్లు చుట్టుకునే పనిలో పడ్డాడు.

ఉత్సవంలో సన్మానం డాక్టర్ విభావరికే. వేదిక చూసుకోవడానికి ఆవిడ ముందురోజే వచ్చింది. రత్నం నేరుగా వెళ్ళి పెళ్ళి విందు సంగతి చెప్పింది. విభావరి శ్రద్ధగా విని, చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపికగా వివరించింది. పౌరులందరూ 'మర్యాద' అన్న అమరికనే ఎంచుకున్నారట. మొదటి ఏడాది మాత్రం పాటలన్నీ చప్పగా ఉన్నాయని ఫిర్యాదులు వస్తే, పొరలో 'ఇష్టగ్రాహి' అన్న చిన్న భాగం చేర్చారట. వినే మనిషి నాడి, మెదడులో ఆనందం కలిగే చోటు, రెండూ అది గమనిస్తుంది. ఏ మాట పెడితే ఆ మనిషికి ఎక్కువ హాయిగా ఉంటుందో నేర్చుకుని ఆ మాట పెడుతుంది.

"హాయిగా ఉండేది మంచిమాటే అని మీకెవరు చెప్పారండీ?" అని అడిగింది రత్నం.

"మనుషులు కోరుకున్నది మర్యాదే రత్నం గారూ. వాళ్ళే ఎంచుకున్నారు."

"ఎవరి చెవిలో ఏం వినబడుతోందో మీరు ఒక్కసారైనా చూశారా?"

చూడలేదు. చూడకూడదు కూడా, ఎవరి చెవి వాళ్ళ సొంతమని చట్టం ఉంది. ఆ చట్టం రాయించిందీ విభావరే. ఆ మాట ఆవిడ గర్వంగానే చెప్పింది. అయినా మీరు మంచిమాటే పాడితే పొరకి మార్చే పనేముంటుంది, అది అసాధ్యం అని నవ్వింది. రేపు ముందు వరసలో కూర్చుని, పొర పెట్టుకునే వినండి, అంతే చాలు అంది రత్నం.

ఆదివారం ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. సముద్రపు గోడ పక్కన వేసిన పందిరి కిందికి ఊరు ఊరంతా వచ్చింది. ముందు వరసలో శాలువాతో విభావరి, ఆవిడ పక్కనే గంజి పెట్టిన నేతచీరలో సత్తెమ్మ. కూతురు తనకేసి చూసినప్పుడల్లా సత్తెమ్మ చెయ్యి కొంచెం పైకెత్తి దించేస్తోంది. చీటీలు వచ్చాయి. పేర్రాజు చదవకముందే జనం "గంగమ్మ! గంగమ్మ!" అని అరిచారు. సత్తెమ్మ చెయ్యి ఒళ్ళోకి దిగిపోయింది. మళ్ళీ లేవలేదు.

రత్నం ఆ అరుపు పూర్తయ్యేదాకా ఆగి పాట ఎత్తుకుంది. పల్లవికి ముందు ఆలాపన పాడింది, వయొలిన్ బిట్టు రికార్డులో ఉన్నట్టే పోయింది. బుట్ట అన్న మాట దగ్గరకొచ్చేసరికి ఆమె నోరు మూసేసింది.

పెదవులు బిగించి, మైకు కిందికి దించి, చేతులు రెండూ పక్కకి వదిలేసి నిలబడింది. వాద్యాలు మాత్రం సాగాయి. మొదటి పాదం నిడివి గడిచింది, రెండో పాదం నిడివి గడిచింది. వాద్యకారులు బిత్తరపోయి చేతులెత్తారు.

ఈల పడింది. క్షణం అటూ ఇటూ కాలేదు. వేల నోళ్ళు ఒక్కసారి వేసిన ఈల అది. పాడని పాటకి వేసిన ఈల.

రత్నం పేర్రాజు వైపు తిరిగి, ఆపండి అన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన ముఖం పాలిపోయింది. బతుకంతా రికార్డు దించిన ఆ చేతులు హార్మోనియం మీంచి లేచిపోయాయి. డ్రమ్ము ఆగింది, గిటారు ఆగింది. వేదిక మీద చప్పుడన్నది లేదు. పందిరి కింద జనం మాత్రం తాళం తప్పకుండా చప్పట్లు కొడుతూనే ఉన్నారు, తలలూపుతున్నారు, రెండో చరణంలో నవ్వాల్సిన చోట నవ్వారు. మాట పొరది, గొంతు రత్నానిది. ఆమె ఇన్నేళ్ళూ పాడి నేర్పిన గొంతునే పొర దాచుకుని, ఆమె నోరు లేకుండానే ఎవరికి కావలసిన రేటు వాళ్ళకి అడుగుతోంది.

విభావరి కూడా నవ్వుతోంది. కాలితో తాళం వేస్తోంది. రత్నం ఆవిడ కళ్ళలోకి సూటిగా చూస్తూ తన చెవి మీద వేలు పెట్టి, తీసెయ్యి అన్నట్టు లాగి చూపించింది. విభావరి గోటితో పొరలు రెండూ ఊడదీసింది. సముద్రం హోరు, చప్పట్లు తప్ప ఏమీ వినబడని ఆ చోట ఆవిడ నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. కాసేపు అరచేతిలో ఉన్న పొరల్ని చూసుకుంది. ఏదో పొరపాటు అయ్యుంటుందని సరిచూసుకోవడానికి కాబోలు, ఒకదాన్ని మళ్ళీ చెవిలో పెట్టుకుంది. ఎంత ఆపుకుందామనుకున్నా పెదవి చివర మళ్ళీ ఆ నవ్వు మొలిచింది. ఆవిడ గబుక్కున రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

సత్తెమ్మ లేచి నిలబడి అటూ ఇటూ చూసింది. ఊగుతున్న తలల్నీ, చప్పట్లు కొడుతున్న చేతుల్నీ, కదలని కూతురి పెదవుల్నీ చూసింది. వేదిక అంచు దాకా వచ్చి కూతుర్ని అడిగింది.

"నువ్వు పాడతల్లేదు గదే. మరెవులే పాడేది?"

"ఆళ్ళేనమ్మా," అంది రత్నం.

ఆ పాటికి జనం చెవుల్లో పాట అయిపోయినట్టుంది. అందరూ లేచి నిలబడి "వన్స్ మోర్" అని అరిచారు.